ఉత్త కాగితం మీద ఒంటె సంతకం

మా మేనకోడలి కూతురు మొన్న దుబాయ్‌లో ఒక పెద్ద థీమ్ పార్కులో ఉద్యోగంలో చేరింది. బొమ్మ వేషాలు వేసుకున్నవాళ్ల పక్కన నిలబడి పిల్లల వరుస సర్దే పని. చేరిన వారానికే ఫోన్ చేసింది.

"తాతా, ఒకామె నన్ను పట్టుకొని నిలదీసింది. మా బాబు పొద్దంత గీ బొమ్మల దస్కతుల కోసమే లైన్ల నిలవడ్డడు, ఒక్క ఆట ఆడలే, మీరు గీ సంతకాల పంచాయితీ బంద్ పెట్టుండ్రి అన్నది. ఇంకొకామె పుస్తకంల ఒక్క సంతకం తక్కువైందని ఏడ్చే పిల్లను తీస్కొచ్చి నా మీద పడ్డది. నువ్వు గీ పనే చేసినవంట గద. పిల్లలు సంతకాలు జమ చేసుడు మంచిదా, కాదా?"

నేను మెట్‌పల్లిలో దుకాణదారుల ఇంట్లో పుట్టినవాణ్ని. అడిగినదానికి సూటిగా జవాబివ్వడం మా వంశంలో లేదు. ముందు ఎదుటివాడి నోట మాట రప్పించి, తర్వాతే మా మాట బయటపెడతాం. "నువ్వేమనుకుంటున్నవు బిడ్డా?" అన్నాను. "ఎరుక లేకనే గద నిన్నడిగింది!" అని ఫోన్ పెట్టేసింది.

అందుకే ఇది రాస్తున్నాను. ఆమె కోసం, ఆమెలాగే ఈ పనిలోకి వస్తున్న మిగతా పిల్లల కోసం. నా హోదాలు, బదిలీలు, సర్టిఫికెట్లు ఇందులో ఉండవు. రాసేంత లేవు కూడా.

ఒంటెకు నోరు నేను

డెబ్బైల నడుమ షార్జాకు వచ్చాను. మొదట ఒక బట్టల కొట్టులో పని. కౌంటరు ఇవతల నిలబడి అమ్మాల్సినవాణ్ని, కొనేవాడు సరిగా బేరమాడలేకపోతే చూస్తూ ఊరుకోలేక అతని తరఫున నేనే మొదలుపెట్టేవాణ్ని. యజమాని కొన్నాళ్లు ఓపిక పట్టి, "లింబాద్రి, నువ్వు చాలా తెలివైనవాడివి, ఇంకెక్కడైనా తెలివి చూపించు" అని సాగనంపాడు. బేరం కనపడితే ఎటువైపు ఉన్నానో మరిచిపోయే జబ్బు నాది. ఆ జబ్బే తర్వాత అన్నం పెట్టింది.

ఎనభైల్లో, సజ్జా వైపు వెళ్లే దారిలో ఒక చిన్న పార్కు తెరిచారు. ఇప్పటి పార్కుల ముందు అదొక జాతర. ఒక జెయింట్ వీల్, ఒక బుల్లి రైలు, తిరిగే కప్పులు, తెచ్చి నాటిన ఖర్జూరపు చెట్లు. సాయంత్రాలు తెరిచేవాళ్లు, ఎండలు ముదిరితే మూసేవాళ్లు. అందులో రెండు బొమ్మ వేషాలు ఉండేవి. ఒకటి మబ్రూక్ అనే ఒంటె, రెండోది డేగ. వేషంలో ఉన్నవాడు మాట్లాడకూడదన్నది నియమం. ఒంటె నోరు తెరిచి కరీంనగర్ యాసలో మాట్లాడితే పిల్లలు జడుసుకుంటారు కదా. కాబట్టి వాళ్ల బదులు మాట్లాడటానికి ఒకడు కావాలి. అరబ్బీ, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ముక్కలు ముక్కలుగా వచ్చినవాణ్ని కనుక ఆ పని నాకు దక్కింది. కుర్రాళ్లంతా నన్ను సేటు అనేవాళ్లు. అది గౌరవం కాదు, ఎగతాళి.

డేగ లోపల ఉండేవాడు సత్తిబాబు. రాజోలు దగ్గర లారీల వెనుక బొమ్మలు, పేర్లు రాసే పెయింటరు. ఒంటె లోపల ఉండేవాడు రాజలింగు. మా మెట్‌పల్లి అవతలి పల్లెవాడు. దేశంలో ఉన్నప్పుడు తోటపని అని చెప్పి పంపితే, ఇక్కడ దిగాక ఎడారిలో ఒంటెల దొడ్డికి చేరాడు. మూడు ఎండాకాలాలు ఒంటెలతోనే. అక్కడి కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మంచివాడే, అడగగానే వదిలిపెట్టాడు. ఆ దొడ్డి అనుభవం మా పార్కుకు పనికొచ్చింది. మెడ ముందుకు సాచి, కింది దవడ పక్కకు తిప్పుతూ, ఎవరినీ లెక్కచేయనట్టు రాజలింగు నడుస్తుంటే, అసలు ఒంటెలు పెంచే ఎడారి బదూ ముసలివాళ్లు కూడా ఆగి నవ్వేవాళ్లు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ముందే ఒక మాట. వేషం లోపల ఉన్న మనిషి ఉడికిపోతాడు. బయట చల్లగాలి ఉన్నా లోపల ఇటుకబట్టీ. ఒకరోజు సత్తిబాబు అందరినీ సంతోషపెట్టాలని వరుస అయ్యేదాకా నిలబడి, వెనక గదిలో డేగ తల తీయగానే కక్కుకున్నాడు. "ఏటండీ సేటు గారూ, పిల్లలు పిలుస్తుంటే ఎల్లిపోతే బాగుంటదేటండీ?" అన్నాడు, మూతి తుడుచుకుంటూ. ఆ రోజు నుంచి ఒక గుర్తు పెట్టుకున్నాం. లోపలివాడు రెండుసార్లు తల కిందికి దించితే వరుస ఆగిపోవాలి, ఎవరు అరిచినా సరే. వరుస ఎప్పుడు ఆగాలో చెప్పాల్సింది గడియారం కాదు, ముదీర్ అనే మేనేజరు కాదు, లోపల ఉన్నవాడు. పక్కన నిలబడ్డ మీరు ఆ తల వైపు చూస్తూ ఉండాలి.

ముదీర్ తెచ్చిన పుస్తకాలు

మా ముదీర్ లెబనాన్ మనిషి. దుర్మార్గుడు కాదు. అయితే ఎక్కడ ఏ కొత్తది చూసినా తెల్లారేసరికి మన దగ్గరా ఉండాలనుకునే రకం. ఒకసారి సెలవు మీద ఏదో దేశం పోయి అక్కడి పార్కు చూసి వచ్చాడు. అక్కడ పిల్లలు చిన్న పుస్తకాలు పట్టుకుని బొమ్మల వెంటపడి సంతకాలు చేయించుకుంటున్నారట. తిరిగి వచ్చిన నెలలోపలే రంగురంగుల పుస్తకాలు అచ్చువేయించి గేటు దగ్గర పెట్టించాడు.

"యా లింబాద్రి, ఇకనుంచి డేగ సంతకం పెట్టాలి, ఒంటె సంతకం పెట్టాలి. ఏ భాషో నాకక్కర్లేదు, గీతలు గీసినా చాలు. ప్రతిసారీ ఒకేలా ఉండాలి. యల్లా, మొదలుపెట్టండి!"

సత్తిబాబు పండగ చేసుకున్నాడు. ఊళ్లో ఉన్నప్పుడు లారీకి సంతకం చేయనిస్తారా ఎవరైనా? ఇక్కడ డేగ పేరు రాసి, చివరి అక్షరం తోకను పైకి లాగి, దానికి మూడు ఈకలు పెట్టేవాడు. పిల్లలు ఆ ఈకల కోసం తోసుకునేవాళ్లు.

ఒంటె గిట్టలో పెన్ను పట్టడం కుదరదు కాబట్టి దర్జీ చేత చిన్న చీలిక పెట్టించి, బయటికొచ్చే వేళ్లకు గోధుమరంగు మేజోడు గుడ్డ కుట్టించాను. అంతా సిద్ధం. మొదటి పిల్లవాడు పుస్తకం తెరిచి ముందుకు చాపాడు. మబ్రూక్ పుస్తకాన్ని చూశాడు, నన్ను చూశాడు, మెడ అటు తిప్పేసుకున్నాడు.

నేను నవ్వు ముఖంతోనే ఒంటె మూతి దగ్గరికి వంగాను. "ఏమైందిరా?"

ముక్కు రంధ్రంలోంచి సన్నగా వినిపించింది. "గండ్ల ఏం రాసున్నది సేటూ?"

"ఏం లేదు. ఉత్త కాయితం."

"ఉత్త కాయితం మీద నేను దస్కతు పెట్ట."

"అరే, పిల్లలాటరా!"

"ఆట గీట నాకెర్కలేదు. మల్ల ఎడారిల తేలుతే నువ్వొస్తవా తీస్కపోనీకి?"

బొంబాయిలో ఏజెంటు, టైము లేదు, టైపు తర్వాత కొట్టిస్తా అని ఉత్త కాగితం అడుగున రాజలింగు చేత సంతకం పెట్టించుకున్నాడు. పైన రాసుకున్నదే ఆ ఒంటెల దొడ్డి. ఆ సంగతి నాకు తెలుసు. కాని అది రంగుల బొమ్మల పుస్తకం దాకా వస్తుందని అనుకోలేదు.

ఇక్కడ నా ఇబ్బంది చెప్పాలి. వాణ్ని ఒప్పించడానికి నా దగ్గర మాటలు లేవు, ఎందుకంటే మా బాపు మాకు నేర్పిందీ అదే. "ఉత్త కాయితం మీద దస్కతంటే, దుకాణం తలుపులు తీసిపెట్టి తీర్థానికి పోవుడే" అనేవాడు ఆయన. బట్టల బేరంలో ఆకాశాన్ని నేలకు దించే నేను, ఒంటెతో బేరంలో మొదటి మాటకే ఓడిపోయాను.

"నీ పేరు రాయొద్దురా, ఒంటె పేరు రాయి. నీకేం గాదు" అన్నాను, వెనక గదిలో తల తీశాక.

"పేరు ఒంటెదే. చెయ్యెవలిది? కోర్టుల చెయ్యినే చూస్తరు" అన్నాడు.

సత్తిబాబు పక్కనే కూర్చుని పడీ పడీ నవ్వాడు. "ఒంటెని కోర్టుకి లాగుతారేటి రాజలింగూ? ఎవుడొత్తాడు సాచ్చికం సెప్పటానికి, నేనా? డేగనా?"

"నవ్వు, నవ్వు. ఊరికే ఈకలు పీకి పెడ్తున్నవు, గా ఈకలె నీ మెడకు సుట్టుకుంటయి ఒకనాడు."

ముద్ర బేరం

సంగతి ముదీర్ చెవిన పడింది. ఆ చలికాలం బడి సెలవులు అయ్యాక రాజలింగు కాంట్రాక్టు ముగుస్తుంది. మళ్లీ రెండేళ్లకు పొడిగిస్తేనే ఉంటాడు. "సంతకం పెట్టని ఒంటె నాకెందుకు?" అన్నాడు ముదీర్. "సెలవుల్లో పార్కు నిండిపోతుంది. అప్పటికి పెట్టాడా, ఉంటాడు. లేదా, ఖలాస్, విమానం ఎక్కిస్తా."

రాజలింగుకు ఉండటం చాలా అవసరం. ఊళ్లో బావి తవ్వడం మొదలుపెట్టాడు. సగం దిగాక బండ తగిలింది. ఇప్పుడు ఆపితే అది గొయ్యి, తవ్వితే బావి.

నేను ముదీర్‌తో బేరానికి దిగాను. ఒంటె గిట్ట గుర్తుతో రబ్బరు ముద్ర చేయిస్తాను, అది వేస్తాడు అన్నాను. ఒప్పుకున్నాడు. ముద్ర చేయించాను. పుస్తకం మీద మొదటి ముద్ర వేయగానే ఒక పిల్ల దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి, "ఇది పోస్టాఫీసులో కూడా వేస్తారు" అంది. అంతటితో ముద్ర పని అయిపోయింది. వస్తువులో చేతి పని కనపడకపోతే గిరాకీ ఉండదని అన్నేళ్లు దుకాణంలో పెరిగి కూడా మరిచాను. రాజలింగు ఊరటపడ్డాడా అంటే అదీ లేదు. "దస్కతన్న నా చేతిల ఉంటది. ముద్ర ఎవడన్న ఎత్కపోతే?" అన్నాడు.

నిండిన పేజీ

ఒక శుక్రవారం రుబీనా అనే పాకిస్తానీ పిల్ల వచ్చింది. ఎనిమిదేళ్లుంటాయి. తండ్రి పికప్ నడుపుతాడు. గేటు దగ్గరి రంగుల పుస్తకం కాకుండా బడి నోటుపుస్తకం తెచ్చుకుంది. మబ్రూక్ ముందుకు వచ్చి పేజీ తెరిచింది. పైనుంచి కింది దాకా ఉర్దూలో రాసి ఉంది, అడుగున రెండు వేళ్ల మందం జాగా.

"ఇదేంటమ్మా?" అన్నాను ఉర్దూలో.

"ఇవాళ్టి సంగతి. అమ్మ పేజీ వృథా చేయొద్దంది. అందుకే ముందే రాశా" అని, అడక్కుండానే చదవడం మొదలుపెట్టింది. "నేను పెద్ద చక్రం ఎక్కాను. పైనుంచి మా అబ్బా బండి అగ్గిపెట్టెలా కనిపించింది. అబ్బా అందులో నిద్రపోతున్నాడు. నేను చెయ్యి ఊపాను. ఆయన చూడలేదు. కిందికి దిగాక చెప్తాను."

రాజలింగుకు ఉర్దూ బాగా వస్తుంది. ఆ పిల్ల చదివినంతసేపూ దవడ తిప్పడం ఆపి విన్నాడు.

"సేటూ" అన్నాడు ముక్కులోంచి. "మీద ఇంక జాగ ఉన్నదా?"

"లేదు. నిండింది."

"ఆ పిల్ల చదివిందే ఉన్నదా, ఇంకేమన్న ఉన్నదా?"

ఉర్దూ చదవడం నాకు కొద్దిగా వచ్చు. ఒక్కో పంక్తి వేలు పెట్టి చూశాను. "అదే ఉన్నది."

"అయితే తే."

గిట్ట చీలికలోంచి రెండు వేళ్లు బయటికొచ్చి పెన్ను పట్టుకున్నాయి. ఆ పిల్ల రాతకు ఆనించి, గాలి దూరే సందు కూడా లేకుండా, నెమ్మదిగా తెలుగులో 'మబ్రూక్' అని రాశాడు. వాడికి రాయడం వచ్చింది తెలుగు ఒక్కటే. రుబీనా ఆ గుండ్రటి రాతను కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. "ఒంటెల భాష! అన్నీ మూపురాలే!" అని అరిచి, నిద్రపోతున్న తండ్రిని లేపడానికి పరుగు తీసింది.

నేను ఆ రాత్రికి రాత్రే నియమం తయారుచేసి పొద్దున్నే ముదీర్ ముందు నిలబడ్డాను. పిల్ల ముందు తన పేజీ తనే రాయాలి, ఒంటెకు చదివి వినిపించాలి, అప్పుడే సంతకం.

"వరుస కదలదు" అన్నాడు ముదీర్.

"కదలొద్దు. రాసుకోవడానికి నీడలో బల్లలు వేయిద్దాం. పిల్లలు రాస్తూ కూర్చుంటే తల్లిదండ్రులు ఏం చేస్తారు? షర్బతు తాగుతారు. షర్బతు బండి ఆ బల్లల పక్కన పెట్టు."

ముదీర్ గడ్డం గోక్కున్నాడు. "సెలవుల మొదటి శుక్రవారం దాకా చూస్తా. అప్పుడు గొడవైతే నీ ఒంటె ఇంటికే."

మోకరిల్లిన ఒంటె

ఆ శుక్రవారం జనం ఇసుక రేణువుల్లా వచ్చారు. బల్లల దగ్గర పిల్లలు నాలుక బయటపెట్టి రాస్తున్నారు. అరబ్బీలో, మలయాళంలో, ఇంగ్లీషులో. చదివేవాళ్లు చదువుతున్నారు, మబ్రూక్ తలూపి సంతకం పెడుతున్నాడు. ఎవరి భాష రాకపోయినా నేను అడిగి చెప్పేవాణ్ని.

అప్పుడు ఒక పెద్దమనిషి వరుస తప్పించి ముందుకు వచ్చాడు. మన దేశపు మనిషే, ఏదో ఆఫీసులో పెద్ద పదవి. ఒక చేతిలో కూతురి చెయ్యి, ఇంకో చేతిలో నాలుగు కొత్త పుస్తకాలు. "మా అన్నయ్య పిల్లలవి కూడా. అన్నీ పెట్టించండి, తొందరగా, మాకు డిన్నర్ ఉంది."

పుస్తకాల్లో పేజీలు తెల్లగా ఉన్నాయి.

మబ్రూక్ పుస్తకాలను చూశాడు. ముందు మోకాళ్లు మడిచి, తర్వాత వెనక భాగం దించి, అచ్చం ఎడారి ఒంటెలాగా నేల మీద కూలబడ్డాడు.

"ఇదేం పద్ధతి? మేనేజర్ ఎక్కడ?" అని ఆయన అరిచాడు. ముదీర్ పరుగున వచ్చాడు.

నేను వంగి గుసగుసగా అన్నాను. "రాజలింగూ, ఈ ఒక్కసారికి పెట్టు. ముదీర్ చూస్తున్నడు. బావి యాదికి తెచ్చుకో."

"యాదికున్నది గన్కనే పెడ్తలేను."

ముదీర్ ముఖం ఎర్రబడింది. "లేపు వాణ్ని!" అన్నాడు. నేను ఇద్దరి మధ్యా నిలబడ్డాను. బేరమాడటానికి రెండు పక్కలా ఒక్క మాట కూడా మిగల్లేదు.

ఈలోపల ఆ పెద్దమనిషి కూతురు తండ్రి చెయ్యి విడిపించుకుని ఒంటె ముందు తనూ మోకాళ్ల మీద కూర్చుంది. వరుసలో ఉన్న పిల్లలు అది చూసి ఒక్కొక్కరే కూలబడ్డారు. మా పార్కు కాసేపు ఒంటెల దొడ్డి అయిపోయింది. ఆ పిల్ల తండ్రి జేబులోంచి పెన్ను లాక్కుని ఒక పుస్తకంలో రాయసాగింది. రాశాక గట్టిగా చదివింది. "మా డాడీ తొందరగా ఉన్నాడు. ఒంటె తొందరగా లేదు. నాకు ఒంటె నచ్చింది."

ముందు నవ్వింది ముదీర్. ఆ నవ్వు షర్బతు బండి దాకా పాకింది. పెద్దమనిషి కళ్లజోడు తీసి తుడుచుకుని, కాసేపటికి తనూ నవ్వక తప్పలేదు. మబ్రూక్ ఆ మూడు ముక్కల కింద ఆనించి సంతకం పెట్టాడు. మిగతా మూడు పుస్తకాలు వచ్చినట్టే తిరిగిపోయాయి.

నా మాట

ఇంతకీ బిడ్డా, నువ్వడిగినదానికి. సంతకాల కోసమే సంతకాలు జమచేసే పిల్ల పార్కుకు రానట్టే లెక్క. ఇంటికి పోయి పుస్తకం తెరిస్తే అందులో అందరూ ఉంటారు, తను మాత్రం ఉండదు. పక్క పిల్లకు ఎన్ని, నాకెన్ని అని చూసుకోవడమే మిగులుతుంది. అది పెద్దవాళ్ల రోగం, పిల్లలకు అప్పుడే అంటించొద్దు. కాని ముందు తన ముచ్చట తను రాసుకుని, దాని కింద ఒక ఒంటెనో డేగనో సాక్షి సంతకం అడిగితే మాత్రం ఎవరు వద్దన్నా పెట్టించు. మీ దగ్గర బల్లలు లేకపోతే అడుగు. వాళ్లు ఒప్పుకోకపోతే షర్బతు సంగతి చెప్పు. మీ వేషాల వాళ్లు మూర్ఛపోయేదాకా నిలబెట్టి, ఎన్ని సంతకాలు పెట్టారని లెక్క చూసే ముదీర్ దొరికితే ఇంకో ఉద్యోగం వెతుక్కో. ఈ విషయంలో బేరం లేదు.

నాకు ఆ పార్కు ఇప్పటికీ కళ్లల్లో మెదులుతుంది. సాయంత్రం ఎండ ఖర్జూరపాకుల మీద జారుతుంటే, బల్లల మీద తలలు వంచిన పిల్లలు, వాళ్లు చదువుతుంటే మెడ వంచి వినే ఒంటె. ఇప్పుడు అక్కడ గోదాములు లేచాయట.

సెలవులు ముగిసిన మర్నాడు ముదీర్ రాజలింగును ఆఫీసుకు పిలిపించాడు. నేనూ వెంట వెళ్లాను. బల్ల మీద అరబ్బీలో కాంట్రాక్టు. రాజలింగు దాన్ని ముట్టుకోలేదు. చేతులు వెనక కట్టుకుని, పిల్లల ముందు నిలబడ్డట్టే ముదీర్ ముందు నిలబడ్డాడు.

ముదీర్ నన్ను చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆయన నిట్టూర్చి, కాగితం చేతిలోకి తీసుకుని, తనకొచ్చిన అరకొర ఉర్దూలో మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాడు. రెండేళ్లు, పార్కులో, ఒంటె వేషం, మధ్యలో విశ్రాంతి, చివర టికెట్టు. అడుగున ఖాళీగా ఉన్నచోట, ఎవరూ అడగకుండానే, స్కేలు పెట్టి అడ్డంగా గీత కొట్టాడు.

రాజలింగు వంగి, ఆ గీతకు ఆనించి తన పేరు రాశాడు.

ముదీర్ కాగితం ఎత్తి కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. ఒకసారి రాజలింగును, ఒకసారి రాతను చూశాడు. "అరే, ఇది మబ్రూక్ గీసే గీతల్లాగానే ఉందే? ఆ మూపురాలు నువ్వు ఉత్తగా గీస్తున్నావనుకున్నా ఇన్నాళ్లూ!"

"లేదు సాబ్" అన్నాడు రాజలింగు ఉర్దూలో. "మా ఊర్లో బడిపిల్లలందరూ ఇట్లాగే రాస్తారు."